ట్రాలీ లోడుకు తగ్గ ట్రాక్టర్‌ను ఎలా ఎంచుకోవాలి

షోరూముకు వెళ్లగానే మాట హెచ్‌పీ మీదే మొదలవుతుంది. నలభై ఐదా, యాభయ్యా, యాభై ఐదా అని. దున్నకానికీ, రోటావేటర్‌కూ అది సరైన ప్రశ్నే. కల్లం నుంచి ఐకేపీ సెంటర్‌కు (వడ్ల కొనుగోలు కేంద్రానికి) వడ్లు తోలడానికి, పరకాల, నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తేవడానికి, చెరువు మట్టి చేలకు కొట్టడానికి మాత్రం అడగాల్సింది వేరే ఉంది: ఈ బండి బరువెంత, దీని బ్రేకులు ఎంత లోడును ఆపగలవు? లోడును లాగలేని ట్రాక్టర్ మహా అయితే ఆగిపోతుంది. లోడును ఆపలేని ట్రాక్టర్ ప్రాణాలు తీస్తుంది. అందుకే ఎంపిక లోడు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి: లోడు, ట్రాలీ, దారి, ఆ తర్వాతే ట్రాక్టర్.

1. ముందు లోడును కిలోల్లో రాసుకోండి

"ఒక ట్రాలీ" అనేది కొలత కాదు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న డబ్బా తీసుకుందాం. అది 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు. అందులో ఎండిన వడ్లు అంచుల దాకా పోస్తే దాదాపు 2 టన్నులు. అదే డబ్బాలో ఇసుక నింపితే 5.4 టన్నులు దాటుతుంది. తడి చెరువు మట్టి అయితే 5.8 టన్నుల దాకా పోతుంది. డబ్బా అదే, బరువు మూడింతలు. మట్టి, ఇసుక తోలేటప్పుడు డబ్బా నిండలేదు కదా అని ఇంకో నాలుగు తట్టలు వేయించడం ఇక్కడ మామూలు. ఇరుసులు వంగేది, హుక్కులు పగిలేది ఎక్కువగా ఆ లోడుల్లోనే.

బస్తాల లెక్క ఇంకా తేలిక. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. 90 బస్తాలంటే 3.6 టన్నులు, 150 బస్తాలంటే 6 టన్నులు. ఇటుక ఒక్కోటి మూడు కిలోల చొప్పున వెయ్యికి 3 టన్నులు. హార్వెస్టర్ నేరుగా ట్రాలీలో పోసే పచ్చి వడ్లలో తేమ ఎక్కువ కాబట్టి ఎండినవాటి కన్నా బరువు తూగుతాయి, పైగా ఆ లోడును బురద మడిలో నుంచి బయటికి లాగాలి. పత్తిది ఇంకో తీరు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. అక్కడ భయం బరువుతో కాదు, మలుపులో పక్కకు ఒరగడంతో, ఊరి లోపలి కరెంటు తీగలతో.

ఈ అంకెకు ఖాళీ ట్రాలీ బరువు కలపండి. రెండు చక్రాల ట్రాలీ సాధారణంగా 1.2 నుంచి 1.8 టన్నులు ఉంటుంది. ట్రాలీ ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి, మీ లెక్క ఆ రెండో అంకె దాటకూడదు. ఇక్కడి నుంచి మనం పట్టుకునే ఉదాహరణ ఇది: 90 బస్తాలు 3.6 టన్నులు, ట్రాలీ 1.5 టన్నులు, మొత్తం 5.1 టన్నులు.

2. దారిని లెక్కలోకి తీసుకోండి

తారు రోడ్డు మీద చక్రం దొర్లడానికి మొత్తం బరువులో సుమారు 2 శాతం బలం చాలు. మట్టి బాట మీద 5 శాతం, మెత్తటి బురదలో 10 నుంచి 15 శాతం కావాలి. దీనికి ఎక్కుడు తోడైతే, వంద మీటర్లకు ఎన్ని మీటర్లు ఎక్కుతామో అంత శాతం అదనం. చెరువు కట్ట మీదికి ఎక్కే మట్టి ర్యాంపు పదికి ఒకటి ఉందనుకుందాం. 5 శాతం దొర్లుడుకు, 10 శాతం ఎక్కుడుకు, మొత్తం 15 శాతం.

2 టన్నుల ట్రాక్టర్, 5.1 టన్నుల ట్రాలీ కలిపి 7.1 టన్నులు. అందులో 15 శాతం అంటే 1,065 కిలోల బలం. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 20 హెచ్‌పీ సరిపోతుంది. ముప్పై ఐదు హెచ్‌పీ బండి ఇంజన్‌కు కూడా ఆ పని కష్టం కాదు. కష్టం పట్టు దగ్గర వస్తుంది. 2 టన్నుల టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో వెనక చక్రాల మీద ఉండేది దాదాపు 1,300 కిలోలు. ట్రాలీ ముక్కు (ట్రాక్టర్‌కు తగిలించే ముందు కొస) బరువు ఇంకో 500 కిలోలు వెనక ఇరుసు మీద పడిందనుకుంటే 1,800. పొడి మట్టి మీద టైరుకు అందులో 60 శాతం దాకా పట్టు దొరుకుతుంది, అంటే 1,080 కిలోలు. కావాల్సింది 1,065. అంచు మీద ఎక్కుతుంది, అంతే. వాన పడితే ఆ పట్టు 35 శాతానికి, అంటే 630కి పడిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా గుంత లోతవుతుంది తప్ప లాభం లేదు.

మీరు తోలే దారుల్లో అన్నిటికన్నా చెడ్డ చోటును పట్టుకుని ఈ లెక్క చేసుకోండి. అది ఊరి చెరువు కట్ట కావచ్చు, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాల్వ వంతెన కావచ్చు, వాగులో నుంచి ఒడ్డెక్కే బాట కావచ్చు. ఎనుమాముల దాకా నున్నటి రోడ్డు ఉన్నా, చేను నుంచి రోడ్డెక్కే ఆ యాభై గజాలే ట్రాక్టర్ సైజును నిర్ణయిస్తాయి.

3. ట్రాక్టర్ బరువు, టైర్లు, ఫోర్‌వీల్

35 హెచ్‌పీ తరగతి బండ్లు సుమారు 1,700 నుంచి 1,900 కిలోలు, 45–50 తరగతివి 1,900 నుంచి 2,300, అంతకు పైవి 2,400 దాటి ఉంటాయి. బ్రోచర్‌లో హెచ్‌పీ పెద్ద అక్షరాల్లో ఉంటే బరువు వెనక పేజీలో ఉంటుంది, వెతికి చూడండి. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు మోడళ్ల మధ్య రెండు, మూడు వందల కిలోల తేడా ఉండవచ్చు. ట్రాలీ పనికి ఆ తేడా ఐదు హెచ్‌పీ కన్నా విలువైనది. వెనక టైరు కూడా చూడండి. 12.4-28 కన్నా 13.6-28, దానికన్నా 14.9-28 వెడల్పు ఎక్కువ, మెత్తటి నేలలో తక్కువగా దిగబడుతుంది.

బరువు తక్కువైతే పెంచుకోవచ్చు. వెనక టైర్లలో నీళ్లు నింపడం అన్నిటికన్నా చవక పద్ధతి. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, ట్యూబులో వాల్వు ఎత్తు దాకా, అంటే ముప్పాతిక వంతు నింపాలి. 13.6-28 టైరులో అలా సుమారు 150 లీటర్లు పడతాయి. రెండు చక్రాలకు కలిపి 300 కిలోలు. మన ఉదాహరణలో పట్టు 1,080 నుంచి 1,260కి పెరుగుతుంది. నిండా నింపకండి. గాలికి చోటు లేకపోతే టైరు రాయిలా గట్టిపడి దెబ్బను ఓర్చుకోదు.

నల్లరేగడి చేలు, వానాకాలం వడ్ల తోలకం మీ పనిలో ఎక్కువైతే ఫోర్‌వీల్ డ్రైవ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి ట్రాక్టర్ మొత్తం బరువూ పట్టుకు పనికొస్తుంది. అయినా అది మాయ చేయదు. 2.5 టన్నుల ఫోర్‌వీల్ బండి కూడా తడి మట్టి ర్యాంపు మీద 90 బస్తాలతో ఎక్కలేదు, లెక్క వేస్తే వంద కిలోల దాకా తక్కువ పడుతుంది. 45 బస్తాలతో ఎక్కుతుంది. వాన పడిన రోజు రెండు ట్రిప్పులు కొట్టండి.

4. ముందు చక్రాలు నేలను వదలకూడదు

ట్రాలీ ముక్కు వెనక కిందికి నొక్కిన కొద్దీ ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ మాట వినాలంటే ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి. 2 టన్నుల బండికి అది 400 కిలోలు. ఖాళీగా ఉన్నప్పుడు ముందు 700 కిలోలు ఉంటే, హుక్కు మీద 500 కిలోలు పడగానే అది 500కు దిగుతుంది. కట్ట ఎక్కేటప్పుడు లాగుడు బలం, వాలు రెండూ కలిసి 350 కన్నా కిందికి దింపుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోవడం అప్పుడే మొదలవుతుంది. దీనికి మందు, ముందు బంపర్‌కు బిగించే పోత ఇనుము బరువులు. ఇసుక బస్తా కట్టడం, బండరాయి వేలాడదీయడం వద్దు, కుదుపుకు జారి చక్రం కిందే పడతాయి.

దీన్ని ఊహతో కాక కాంటా మీద తేల్చుకోండి. మార్కెట్ దగ్గరో, రైస్‌మిల్లులోనో ఉండే వే బ్రిడ్జి చాలు. ఒకసారి ట్రాక్టర్ ఒక్కదాన్ని తూయండి. తర్వాత లోడు ట్రాలీ తగిలించి, ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూయండి. చివరగా మొత్తం ఎక్కించండి. మూడు చీటీలతో మీ బండి సంగతి మొత్తం తెలిసిపోతుంది. పాత బండి కొంటున్నా ఇదే చేయండి, అమ్మేవాళ్లు కాదనరు.

5. హుక్కు

ట్రాలీని తగిలించాల్సింది కంపెనీ ఇచ్చిన డ్రాబార్‌కు (వెనక కిందుగా ఉండే లాగుడు కడ్డీకి), లేదా ట్రాలీ కోసమే కిందుగా బిగించిన హిచ్‌కు. టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి పట్టే కడ్డీ) చోటుకు, వెనక ఇరుసు కన్నా ఎత్తులో ఉన్న ఏ బ్రాకెట్‌కూ గొలుసైనా కట్టకండి. లాగుడు ఇరుసుకు పైనుంచి జరిగితే, చక్రం దిగబడి ఆగిన క్షణంలో ఇంజన్ బలం చక్రాన్ని తిప్పలేక బండినే వెనక ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం లేచి డ్రైవర్ మీద పడుతుంది. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. బురదలో కూరుకున్న బండిని ఇంకో బండితో లాగేటప్పుడు జరిగే చావులకు ఎక్కువగా ఇదే కారణం.

హిచ్ ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది. రెండు చక్రాల ట్రాలీలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద పడేలా లోడు సర్దాలి. 5.1 టన్నులకు అది 500 నుంచి 750 కిలోలు. హిచ్ 500 మాత్రమే మోస్తే, పది శాతం దగ్గరే ఆపండి. వెనకెక్కువ నింపితే ట్రాలీ ముక్కు పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాల బరువును లాగేసుకుంటుంది. లాగే పట్టూ పోతుంది, బ్రేకు పట్టూ పోతుంది. బస్తాలు దించేటప్పుడు ముందు వరుసలు ముందే దించేస్తే, ఆగి ఉన్న ట్రాలీ అలాగే వెనక్కి లేచి హిచ్‌ను విరుస్తుంది. నాలుగు చక్రాల ట్రాలీతో ఈ బెడద లేదు, హిచ్ మీద బరువు దాదాపు ఉండదు. కానీ ఆ మేరకు వెనక చక్రాలకు పట్టు కూడా రాదు, ట్రాక్టర్ సొంత బరువు ఎక్కువ ఉండాలి. వెనక్కి పెట్టడమూ కష్టం.

పిన్ను రింగులో వదులుగా ఆడకూడదు. సలాక ముక్కను పిన్నుగా వాడటం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. అది మెత్తటి ఇనుము, ముందు వంగుతుంది, తర్వాత కోసుకుపోతుంది. పైనుంచి దిగే గట్టి పిన్ను, కింద లాక్ పిన్ను, దానికి తోడు లోడు ట్రాలీ మొత్తం బరువును ఆపగల సేఫ్టీ గొలుసు ఉండాలి. రింగు సగం అరిగితే వెల్డింగ్ పోసి నింపకండి, మార్చేయండి.

6. బ్రేకులు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

టూవీల్ ట్రాక్టర్‌కు బ్రేకు వెనక రెండు చక్రాలకే. ఆ రెండు చక్రాలే 7 టన్నులను ఆపాలి. ట్రాక్టర్ మాన్యువళ్లలో తరచూ కనబడే హద్దు ఇది: బ్రేకులు లేని ట్రాలీ లోడుతో కలిపి ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటకూడదు. 2 టన్నుల బండికి అది 3 టన్నులు. ట్రాలీయే 1.5 టన్నులు తింటే మిగిలేది 1.5 టన్నుల సరుకు, అంటే 37 బస్తాలు. మన రోడ్ల మీద బ్రేకులేని ట్రాలీల్లో తిరిగే లోడులు చూస్తే ఈ అంకె మింగుడుపడదు. అయినా భౌతికశాస్త్రం బేరానికి రాదు. 90 బస్తాలు తోలాలనుకుంటే బ్రేకులున్న ట్రాలీ కొనండి, లేదా ఉన్న ట్రాలీ ఇరుసుకు పెట్టించండి.

ట్రాలీ బ్రేకుల్లో సాదా రకం, ట్రాలీ ముందుకు తోసుకొచ్చినప్పుడు ఆ తోపుతోనే పడే ఓవర్‌రన్ బ్రేకు. దీనికి ట్రాక్టర్‌లో మార్పు అక్కర్లేదు, కానీ వెనక్కి పెట్టేటప్పుడు పట్టేస్తుంది కాబట్టి లాక్ ఉండాలి. దానికన్నా మంచిది ట్రాక్టర్ పెడల్‌తో పాటే పనిచేసే హైడ్రాలిక్ లేదా ఎయిర్ బ్రేకు. కొత్త బండి కొంటుంటే ట్రైలర్ బ్రేకు వాల్వు ఆ మోడల్‌కు వస్తుందా అని అడగండి. తర్వాత పెట్టించడం ఖర్చు. ట్రాక్టర్‌కు నూనెలో మునిగిన డిస్క్ బ్రేకులే తీసుకోండి. పొడి బ్రేకుల్లోకి బురద నీళ్లు, ఇరుసు సీలు కారిన నూనె చేరితే ఒక చక్రం ఆగుతుంది, ఇంకోటి ఆగదు.

ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే లాక్ దుక్కిలో తీస్తారు. రోడ్డెక్కే ముందు దాన్ని వేయకపోతే కాలు ఒక పెడల్ మీదే పడుతుంది, బండి ఒక పక్కకు తిరుగుతుంది, వెనక నుంచి ట్రాలీ నెట్టి బోల్తా కొట్టిస్తుంది. పాత బండి కొనేటప్పుడు ఖాళీ జాగలో లాక్ వేసి, నెమ్మదిగా నడుపుతూ గట్టిగా తొక్కి చూడండి. రెండు చక్రాల గీతలు సమానంగా ఉండాలి.

మన 7.1 టన్నుల బండి, ట్రాలీకి బ్రేకు లేకుండా, పొడి తారు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఉంటే, చూసి తొక్కే సమయంతో కలిపి 20 మీటర్లకు పైగా పోయి ఆగుతుంది. 35 వేగంలో 40 మీటర్ల దగ్గరికి పోతుంది. దిగుడులో, తడి రోడ్డులో ఇంకా ఎక్కువ. కాజీపేట ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు ఆటో ఆగితే మీకు ఆ దూరం దొరకదు. అందుకని దిగుడుకు ముందే గేరు తగ్గించండి. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడం, క్లచ్ తొక్కి వదిలేయడం రెండూ ఇంజన్ పట్టును వదులుకోవడమే. మధ్యలో గేరు మార్చాలని చూస్తే అది పడకపోవచ్చు, అప్పుడు బ్రేకు ఒక్కటే దిక్కు. ఫోర్‌వీల్ బండి అయితే దిగుడులో ఫోర్‌వీల్ వేయండి, ముందు చక్రాలు కూడా ఆపడంలో పాలు పంచుకుంటాయి. దిగాక తారు మీద తీసేయండి, లేకపోతే ముందు టైర్లు అరిగిపోతాయి.

7. కాగితాలు, వెలుగు, మనుషులు

ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు ఉంటాయి. ఇన్సూరెన్స్‌లో కూడా ట్రాలీ పేరెత్తి రాయించుకోండి. వ్యవసాయానికని రాయించిన బండితో కిరాయికి ఇసుక తోలితే ప్రమాదం జరిగిన రోజు కంపెనీ చేతులెత్తేస్తుంది.

వెనక ఎర్ర, పక్కల పసుపు, ముందు తెల్ల రిఫ్లెక్టర్ టేపులు అంటించండి. ట్రాలీ లైట్లకు ఏడు పిన్నుల సాకెట్ ఉన్న ట్రాక్టర్ చూడండి. రాత్రి 163 జాతీయ రహదారి మీద వెలుగు లేని ట్రాలీ వెనక వచ్చే కారుకు చివరి నిమిషం దాకా కనపడదు.

ట్రాలీలో కూలీలను ఎక్కించకండి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి పదిహేను మంది చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. నాట్లకూ పత్తి ఏరడానికీ వచ్చేవాళ్లకు ఆటో కట్టించండి, ఆ ఖర్చు కైకిలిలో భాగమనుకోండి. మడ్‌గార్డు మీద, హుక్కు మీద పిల్లలు కూడా వద్దు.

8. కొన్న తర్వాత మొదటి లోడు

మొదటిసారి సగం లోడుతో, పగటి పూట, మీరు ఎంచుకున్న ఆ చెడ్డ దారి మీదే తోలి చూడండి. ముందు చక్రాలు తేలుతున్నాయా, బ్రేకు తొక్కితే ట్రాలీ పక్కకు వస్తుందా, హిచ్ దగ్గర టకటక చప్పుడు వస్తుందా గమనించండి. రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆగి పిన్ను, లాక్ పిన్ను, గొలుసు చేత్తో పట్టి చూడండి. ట్రాలీ చక్రాల మధ్య భాగం (హబ్) దగ్గర చెయ్యి పెట్టండి. ఒక పక్క మాత్రమే కాలుతుంటే బేరింగు బిగుసుకుంది, లేదా బ్రేకు పట్టి ఉంది. గ్రీజు వేశాక కూడా తగ్గకపోతే లోడు ఎక్కించకుండా విప్పించండి. కొత్త ట్రాలీ వీల్ నట్లను మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి. రంగు పొర కింద నలిగి అవి వదులవుతాయి.